బొంబాయి హోటలు పైకప్పు

కిందటి నెలలో మా అక్క మనవరాలు కొత్త ఉద్యోగంలో చేరిన సంతోషంలో అందరినీ గోదావరిఖని మెయిన్ రోడ్డు మీద కొత్తగా తెరిచిన హోటలుకు భోజనానికి తీసుకుపోయింది. హోటలు కొత్తదే గాని భవనం పాతది. బండ్లు నిలుపుకొనే సెల్లారును గదిగా మార్చి, గోడలకు నల్లరంగు పులిమి, పట్టపగలు చీకటి చేసి, ఆ చీకట్లో బల్లకొకటి చొప్పున చిన్న దీపాలు పెట్టారు. ఈ పట్టణంలో సగంమంది తాతలు చీకట్లోకి దిగి తిండి సంపాదించారు. మనవలు వెలుతురులో సంపాదించి, తినడానికి చీకట్లోకి దిగుతున్నారు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే ఎనభై దాటిన మా అక్క మొదటి మెట్టు మీదే ఆగిపోయింది. కటకటాలు పట్టుకొని కిందికి తొంగి చూసి, "ముందుగాల ఎవలన్న పోయి రూఫు తట్టి చూడుండ్రి. గప్పుడు దిగుత" అన్నది.

పిల్లలు నవ్వారు. "అమ్మమ్మా, ఇది బాయి కాదు, హోటలు. బిర్యాని తినేటందుకు అచ్చినం" అని మనవరాలు బతిమాలింది. ఇక్కడ బొగ్గుగనిని బాయి అంటారు. గని మూతపడినా ఆ మాట మూతపడలేదు.

"గప్పుడు గూడ హోటలే" అన్నది అక్క.

ఆ మాటకు అర్థం తెలిసినవాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే మిగిలాను. తెలిసిన మిగతా ఇద్దరూ ఇప్పుడు లేరు. అందుకని రాస్తున్నాను. జ్ఞాపకం మీద నాకు పెద్ద నమ్మకం లేదు. తేదీ, సంఖ్య ఉన్నచోట నిలబడతాను, లేనిచోట తెలియదంటాను. ఆ బొంబాయి హోటలు తెరలు ఏ రంగువో నాకు గుర్తులేదు కనుక వాటి గురించి ఏమీ రాయను. ఏడాది మాత్రం 1973, కాలం వర్షాకాలం.

ముందు మా బావను పరిచయం చేయాలి. అక్క భర్త. ఆరడుగుల మనిషి, గుబురు మీసం, తక్కువ మాట. అరవయ్యో దశకం మొదట్లో మంథని వైపు పల్లె నుంచి బాయి పనికి వచ్చాడు. మొదట బొగ్గు ఎత్తి టబ్బుల్లో నింపే ఫిల్లరుగా చేరి, కొన్నాళ్ళకు టింబరు పనికి మారాడు. బొగ్గు తీసిన చోట పైబండ కూలకుండా కింద దుంగలు నిలబెట్టడం ఆ పని. దుంగ నిలబెట్టే ముందు పైబండను గడ్డపారతో తట్టి వినాలి. ఖంగుమని మోగితే బండ గట్టిది, మనుషులు ముందుకు పోవచ్చు. డొల్లగా పలికితే పైన పొర విడిపోయి ఉంది, వెనక్కి రావాలి. ఇది పుస్తకంలో రాసినంత సులువు కాదు. ఖంగుమనడానికీ డొల్లగా పలకడానికీ నడుమ ఎన్నో శబ్దాలున్నాయి. బావ చెవి వాటన్నిటినీ వేరు చేసేది. చివరికి అది ఆయనకు అలవాటుగా మారిపోయింది. కాలనీలో ఆడవాళ్ళు కొత్త కుండ కొనాలంటే అంగడికి బావను వెంటబెట్టుకు పోయేవారు. పుచ్చకాయలవాడు ఆయనను దూరం నుంచి చూడగానే మంచివి పక్కకు తీసిపెట్టేవాడు, తట్టి తట్టి తక్కినవాటి పరువు తీస్తాడని. నా పెళ్ళిచూపులప్పుడు కూడా మాటల మధ్యలో పిల్ల ఇంటి గోడ తట్టి, "గోడ మంచిదే, పిల్ల గూడ మంచిగనే ఉంటది" అన్నాడు. ఆ రెండు మాటలూ నిజమయ్యాయి.

నేను అదే గని మీద ల్యాంపు రూంలో గుమాస్తాను. బాయి దిగే మనిషి తన నెంబరున్న ఇత్తడి బిళ్ళ ఇచ్చి నెత్తిదీపం తీసుకుంటాడు. ఎక్కి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ళ తీసుకుంటాడు. షిఫ్టు ముగిశాక కొక్కేనికి బిళ్ళ ఇంకా వేలాడుతోందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నాడని లెక్క. ఆ కొక్కేలన్నీ ఖాళీ అయిన పూట నాకు అన్నం సయించేది.

1971లో ఒకనాటి రెండో షిఫ్టులో నాలుగు బిళ్ళలు కొక్కేలకే ఉండిపోయాయి. ఆనాడు బావ ఎప్పటిలాగే బండ తట్టాడు. ఖంగుమని మోగింది. వెనక నిలబడ్డ నలుగురితో, "మంచిగ మోగింది, పోండ్రి" అన్నాడు. వాళ్ళు ముందుకు పోయారు, ఆయన దుంగ తేవడానికి వెనక్కి తిరిగాడు. అంతే వ్యవధి. ఆ నలుగురిలో ఒకరు మా పక్క క్వార్టరు సాయిబు. బావతో కలిసి ఒకే రోజు పనిలో చేరినవాడు. విచారణలో ఎవరి తప్పూ లేదని తేలింది. బండ ఒక్కొక్కసారి కూలే క్షణం దాకా మంచిగానే మోగుతుందని అనుభవజ్ఞులు చెప్పారు. ఆ మాట బావకు ఊరట కావలసింది. అదే ఆయనను విరిచింది. తప్పు విని ఉంటే ఇకమీద సరిగ్గా వినవచ్చు. సరిగ్గా విన్నా నలుగురు పోయారంటే ఇక చెవికి చేయవలసింది ఏమీ మిగల్లేదు. సాయిబు భార్య ఆ తరువాత కూడా రంజానుకు గిన్నెనిండా షీర్‌ఖుర్మా పాయసం పంపడం మానలేదు. ఆ గిన్నె ఇంట్లోకి వస్తే బావ బయటికి వెళ్ళిపోయేవాడు.

ఒకరోజు బావ ఆఫీసుకు వెళ్ళి తనను టింబరు పని నుంచి తీసి మళ్ళీ ఫిల్లరు పనికి వేయమని అడిగాడు. ఫిల్లరు పని నుంచి తప్పుకోవడానికి మనుషులు మొక్కులు మొక్కుతారు. దానికి ఎదురు వెళ్ళినవాణ్ణి నేను ఈయనొక్కణ్ణే చూశాను. అధికారి రెండుసార్లు అడిగి, మూడోసారి తల గోక్కొని సరే అన్నాడు. ఇంటికొచ్చి అక్కతో బావ చెప్పింది ఒక్క మాట: "పొమ్మని చెప్పే పని ఇగ నాకొద్దు. పొమ్మన్నకాడికి పోత." నలభై ఏళ్ళ వయసులో మళ్ళీ తట్ట ఎత్తాడు. రోజంతా బొగ్గు దుమ్ములో వంగి లేచేవాడు. ఏడాది తిరిగేసరికి తెల్లవారుజామున దగ్గు మొదలయ్యేది. కాలనీలో కోళ్ళకంటే ముందు బావ లేచాడని తెలిసేది. అక్క ఆ దగ్గును వంటింట్లో నిలబడి వినేది. బండ తట్టి వినడం అక్కకు రాదు గాని దగ్గు వినడం వచ్చింది.

బావకు ఒక తమ్ముడున్నాడు. ఆయనను చిన్నబావ అనేవాళ్ళం. చిన్నతనంలోనే బొంబాయి చేరి, అక్కడొక పెద్ద హోటల్లో పనిచేసేవాడు. హోటలంతా తనే నడుపుతానని మాకు చెప్పేవాడు. తరువాత మేము చూసినంతవరకు కూరగాయలు తరిగే విభాగాన్ని నడిపేవాడు. 1973 ఎండాకాలంలో ఊరికి వచ్చినప్పుడు అన్న దగ్గు విని అక్కను పక్కకు పిలిచాడు. వాళ్ళ హోటలు ముందు నిలబడే దర్వాను ముసలివాడైపోయి ఊరికి పోతున్నాడట. ఆ చోటికి పొడుగ్గా, మీసంతో, చూడగానే భయమూ గౌరవమూ కలిగే మనిషి కావాలట. "అన్నను దేవుడు గా పనికే పుట్టిచ్చిండు వదినె. ఎర్రకోటు తొడిగితే రాజు లెక్క ఉంటడు. దుమ్ము లేదు, బరువు లేదు" అన్నాడు. అక్క ముఖంలో రెండేళ్ళుగా లేని వెలుగు వచ్చింది. అయితే ఉద్యోగమని చెబితే బావ కదలడు. అందుకని సముద్రం చూపిస్తామని తీసుకుపోవాలని నిర్ణయించాం. "చూసినంక ఆయిన మనసు ఆయినే మార్చుకుంటడు" అని అక్క నమ్మకం. నేను వెంట వెళ్ళింది అక్క ధైర్యానికి, ఇంగ్లీషు బోర్డులు చదవడానికి.

కాజీపేటలో బండి మారి బొంబాయి చేరాం. యాత్రికులు చూడవలసినవన్నీ చూశాం. గేట్‌వే దగ్గర సముద్రం ముందు బావ చాలాసేపు నిలబడ్డాడు. ఏదో గొప్ప మాట అంటాడని చూశాం. "గింత నీళ్ళు బాయిలకొస్తే మన పంపులు ఏం తోడుతయి బామ్మర్దీ?" అన్నాడు. ఆకాశాన్ని తాకే మేడలు చూపిస్తే మెడ ఎత్తకుండా పునాదులకేసి చూసి, కింద ఎంత లోతు తవ్వారో అడిగాడు. జంతుప్రదర్శనశాలలో పులిని చూసి, "పాపం, దీనికి షిఫ్టు అయిపోవుడు లేదు" అన్నాడు. అక్క మాత్రం ఊరంతా ఇల్లు వెతుక్కునేదానిలా చూసింది. చిన్నబావ ఉండే వరస గదుల చాలులో నీళ్ళు ఎప్పుడొస్తాయి, బడి ఎంత దూరం, బతుకమ్మ ఆడే చోటుందా అని పక్కింటి తెలుగు ఆడవాళ్ళను అడిగి తెలుసుకున్నది. ఆ రెండు రోజుల్లో అక్క మనసులో మా క్వార్టరు సామాను మొత్తం బొంబాయికి తరలిపోయింది.

మూడోనాడు హోటలు. పనివాళ్ళ బంధువులు ఆ బల్లల దగ్గర కూర్చోవడం ఆచారం కాదు. చిన్నబావ హోటలు యజమాని ముసలి సేఠును బతిమాలి, రద్దీ లేని మధ్యాహ్నం వేళ అనుమతి సంపాదించాడు. అసలు సంగతి, సేఠు దూరం నుంచి ఒకసారి బావను చూడాలి. జోరు వాన. హోటలు వీధిలో ఉన్నది ఒక తలుపు మాత్రమే. భోజనశాల కింద, నేలమాళిగలో. ఈ సంగతి చిన్నబావ మాకు ముందు చెప్పలేదు. చెప్పవలసిన సంగతి అని ఆయనకు తట్టలేదు.

తలుపు ముందు ఎర్రకోటు, పెద్ద తలపాగా, ఇత్తడి గుండీలతో ముసలి దర్వాను. ఆయన మా గొడుగు తీసుకొని బావ చేతిలో నెంబరున్న ఇత్తడి బిళ్ళ పెట్టాడు. బావ ఆ బిళ్ళను చూశాడు. తెరిచిన తలుపులోంచి కిందికి దిగిపోతున్న మెట్లను చూశాడు. మెట్ల చివర చీకటిని చూశాడు. అక్కడినుంచి ఆయన చేతులు వాటంతటవే పనిచేశాయి. బిళ్ళను రొమ్ము జేబులో వేసుకొని, లోపలి జేబులోంచి బీడీకట్ట, అగ్గిపెట్టె తీసి దర్వాను అరచేతిలో పెట్టి, రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. బాయి దిగే ముందు ప్రతి మనిషినీ అట్లా తడిమి చూస్తారు. నిప్పు పుట్టించేది ఏదీ కిందికి పోగూడదు. పదేళ్ళ అలవాటు. దర్వానుకు ఇదంతా ఏం తెలుసు? చేతిలోకొచ్చింది బక్షీసు అనుకొని ఒక బీడీ తీసి చెవి సందున పెట్టుకొని, మిగతాది తిరిగి ఇవ్వబోయాడు. బావ పుచ్చుకోలేదు. "లోపల్కి పనికిరావు" అని, నావైపు తిరిగి నెమ్మదిగా అడిగాడు: "బిళ్ళ ఇచ్చిండు సరే, దీపమేది?"

అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకొని నవ్వింది. 1971 తరువాత నేను విన్న మొదటి నవ్వు. వానలో, వీధిలో, భుజాలు కదిలిపోయేలా నవ్వింది. ఆ క్షణంలో ఆ ఉద్యోగం మాదే అనిపించింది.

కింద చల్లగా, మసకగా ఉంది. బల్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది. బావ కూర్చోకముందే రెండు వేళ్ళతో దాన్ని నలిపి ఆర్పేశాడు. వడ్డించేవాడు వచ్చి మళ్ళీ ముట్టించాడు. బావ మళ్ళీ ఆర్పాడు. "గాలి ఎట్లున్నదో చూడకుంటనే దీపం ముట్టిస్తరా?" అని అడిగాడు. మూడోసారి వడ్డించేవాడు చిన్నబావ ముఖం చూసి కొవ్వొత్తిని తీసుకొని వెళ్ళిపోయాడు. ఆ మసకలోనే నేను వంటకాల పట్టీ చదివాను. అక్షరాలు నాకు తెలుసు గాని ఆ పేర్ల వెనక ఏ కూరలున్నాయో తెలియదు. చిన్నబావ చెప్పినవే తెమ్మన్నాం. మొదట వెడల్పు గిన్నెల్లో పలచటి సూపు వచ్చింది. అక్క చెంచాతో అడుగుదాకా కలిపి చూసింది.

"ఏం పిలగా, మీ సేఠు ఇంట్ల పప్పుకు గింత కరువా? చారుల ఒక్క గింజ లేదు."

"సూపు వదినె. ముందుగాల గిదే తాగాలె. ఆకలి పుడ్తది."

"ఆకలి పుట్టిచ్చేటందుకు గూడ చారు కావాల్నా మీ బొంబాయోళ్ళకు?" అన్నది అక్క. బావ మీసం కింద పెదవి కొంచెం కదిలింది. తరువాత తెల్లటి పులుసులో కోడికూర, వేయించిన చేప, కాల్చిన రొట్టె వచ్చాయి. చేపను బావ మెచ్చుకున్నాడు. గోదావరి చేపకు ఉన్న రుచి లేదన్నాడు గాని రెండోసారి వడ్డించుకున్నాడు. ఆయన ఏదైనా రెండోసారి వడ్డించుకొని చాలాకాలమైంది. అక్క నా కాలును కాలితో తాకింది. ఇదే సమయమని అర్థం. చిన్నబావ గొంతు సవరించుకొని సంగతి చెప్పాడు.

"ఏం పని?" అన్నాడు బావ.

"పైన తలుపుకాడ నిలవడుడే అన్నా. అచ్చినోళ్ళకు సలాం కొట్టాలె, తలుపు తీయాలె, దయచేయుండ్రని కిందికి తోలాలె. గంతే. గిదేమన్న పనా? జీతం తీస్కునేటప్పుడు నీకే సిగ్గయితది."

బావ రొట్టె ముక్క పళ్ళెంలో పెట్టాడు. చుట్టూ చూశాడు. దూరంగా ఒక బల్ల దగ్గర తెల్లజుట్టు దంపతులు, ఇంకొకచోట ఆఫీసు మనుషులు నలుగురు, గోడ పక్కన చిన్నపిల్లతో ఒక తల్లి. వాళ్ళ తలల మీదికి చూశాడు. ఆ తరువాత పెద్ద చెంచా ఒకటి తీసుకొని లేచి నిలబడ్డాడు. ఆ గది ఎత్తు తక్కువ, ఆయన పొడుగు. చెంచా వెనక వైపుతో పైకప్పును తట్టాడు.

డొల్లగా పలికింది.

జానెడు పక్కకు జరిగి మళ్ళీ తట్టాడు. డొల్ల. ఇంకా జరిగి తట్టాడు. ఎక్కడ తట్టినా డొల్లే. చెంచా చేతిలోంచి జారింది. "లేవుండ్రి!" అన్నాడు. ఆ గొంతు నేనెన్నడూ వినలేదు; బాయిలో ఉన్నవాళ్ళే విని ఉంటారు. "జల్ది లేవుండ్రి! అందరు బయటికి పోండ్రి! నేను పట్టుకున్న, మీరు పోండ్రి!" రెండు అరచేతులూ పైకప్పుకు ఆనించి, కాళ్ళు ఎడంగా పెట్టి, మెడనరాలు ఉబికిపోయేలా బిగబట్టి నిలబడ్డాడు. ఒక మనిషి దుంగ అయి నిలబడ్డాడని రాయడం సులువు. నేను చూసింది వేరు. మా బావ ఆ నలుగురి కోసం రెండేళ్ళు ఆలస్యంగా వచ్చి నిలబడ్డాడు.

తెలుగు తెలియకపోయినా భయం అందరికీ తెలుసు. ఆ తల్లి పిల్లను చంకనేసుకొని మెట్లవైపు పరుగెత్తింది. ఆఫీసు మనుషులు లేచి నిలబడి, కూలింది ఏమీ లేదని చూసుకొని, నవ్వడం మొదలుపెట్టారు. చిన్నబావ అన్న నడుము పట్టుకొని లాగుతూ, "అన్నా, ఇది ఉత్త అట్టనే! అందానికి పెట్టిండ్రు. కరెంటు తీగలు కనవడకుంట. అసలు రూఫు దీని మీదుంటది, సిమెంటుది!" అని బతిమాలాడు.

బావ చేతులు దించలేదు. "కనవడే రూఫు వేరు, ఉన్న రూఫు వేరానె?" అన్నాడు. "మరి ఉన్నదాన్ని ఎవలు తట్టి చూస్తరు?" అన్నాడు.

చిన్నబావ సేఠును పిలవడానికి పరుగెత్తాడు.

ముసలి సేఠు వచ్చాడు. కేకలు వేస్తాడనుకున్నాం. ఆయన సంగతంతా విని, బావను కింది నుంచి పైదాకా చూసి, వచ్చినవాళ్ళ ప్రాణాల మీద ఇంత ధ్యాసున్న మనిషి తన తలుపు దగ్గర ఉంటే తన అదృష్టమని, రేపటినుంచే రమ్మని హిందీలో అన్నాడు. బావకు తర్జుమా అక్కరలేదు; సాయిబుతో పదేళ్ళు ఉర్దూలోనే పోట్లాడినవాడు. అక్కకు భాష అర్థం కాలేదు, సేఠు ముఖం అర్థమైంది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. పెట్టిన చేతులు దించకముందే బావ మెట్లు ఎక్కుతున్నాడు.

పైన వాన తగ్గలేదు. బావ బిళ్ళ ఇచ్చి గొడుగు తీసుకున్నాడు. అప్పుడే ఒక జంట టాక్సీ దిగి వచ్చింది. వెంట నాలుగేళ్ళ పిల్లవాడు. దర్వాను సలాం చేసి, తలుపు తీసి, చేయి చాపి కిందికి దారి చూపాడు. వాళ్ళు నవ్వుకుంటూ దిగిపోయారు. చెవి సందున మా బావ బీడీ అట్లాగే ఉంది. బావ ఆ పిల్లవాడి తల కనపడకుండా పోయేదాకా చూసి అక్కవైపు తిరిగాడు.

"చూసినవా? వీళ్ళను రోజు నేను పొమ్మనాలె. నవ్వుకుంట పొమ్మనాలె. గది నాతోని కాదు. కింద పనేదన్న ఉంటే చెప్పు తమ్మీ, గిన్నెలు తోముత. వాళ్ళతోని పాటు నేను గూడ కిందుంట."

చిన్నబావ మళ్ళీ లోపలికి వెళ్ళి వచ్చాడు. కింద ఖాళీ ఏదీ లేదు. ఆ హోటల్లో కావలసింది పైన నిలబడే మనిషి ఒక్కడే.

అక్క వీధిలోనే అడిగింది. ఏడవలేదు, గొంతు పెంచలేదు. "నలుగురు పోయిండ్రు. నువ్వు ఐదోవాడివైతే వాళ్ళ లెక్క తేల్తదా?"

"తేలది" అన్నాడు బావ. "తేలదని నాకెర్కనే." గొడుగు విప్పి అక్క తల మీద పట్టుకొని నడిచాడు. తాను తడుస్తూనే నడిచాడు. బీడీలు, అగ్గిపెట్టె దర్వాను దగ్గరే వదిలేశాడు.

మరునాడు రైలెక్కాం. తిరుగుప్రయాణంలో అక్క బొంబాయి ఊసెత్తలేదు. మనసులో తరలించిన సామానును ఒక్కొక్కటిగా మళ్ళీ క్వార్టరులో సర్దుకుంటున్నట్టు కళ్ళు మూసుకొని కూర్చుంది. బావ సోమవారం మొదటి షిఫ్టుకు వచ్చాడు. నేను బిళ్ళ తీసుకొని దీపం ఇచ్చాను. "దీపం గీడ ఇస్తరు, మంచిది" అన్నాడు. పరిహాసమో, నిజమో తెలియదు. తెలియనిదాన్ని తెలియదనే రాస్తున్నాను.

ఆ తరువాత అయిదేళ్ళు ఆయన బిళ్ళ కొక్కేనికి మిగిలిపోతుందేమోనని ప్రతి షిఫ్టులోనూ చూశాను. ఒక్కనాడూ మిగల్లేదు. బండ ఆయనను తాకలేదు. 1978 వర్షాకాలంలో కంపెనీ దవాఖానలో ఊపిరి అందక మంచం పట్టాడు. డాక్టరు ఒక అరచేయి ఛాతీ మీద ఆనించి, రెండో చేతి వేలితో దాని మీద తట్టి, జరిపి, మళ్ళీ తట్టి విన్నాడు. బావ ఆ వేళ్ళనే చూస్తూ ఉండిపోయాడు. తన పనిని ఇంకొకరు చేస్తుంటే చూసే మనిషి శ్రద్ధ అది. డాక్టరు చేయి తీయగానే అడిగాడు:

"ఎట్ల మోగింది సాబ్?"

"మంచిగనే ఉంది" అన్నాడు డాక్టరు.

బావ నవ్వాడు. ఆ మాట చెప్పేవాడి ముఖం ఎట్లా ఉంటుందో ఆయనకు తెలుసు. వారం తిరగకముందే పోయాడు. నెల తరువాత ఆయన నెంబరు దీపాన్ని కొత్తగా చేరినవాడికి ఇచ్చాను. ఇవ్వకుండా ఉండే వీలు లేదు. ఇప్పుడు ఆ బాయి లేదు. ల్యాంపు రూం గోడలు సగందాకా ఉన్నాయి, కొక్కేలను ఎవరో పీక్కుపోయారు.

ఇదంతా మెట్ల దగ్గర నిలబడి పిల్లలకు చెప్పడం కుదరదు. వాళ్ళకు ఆకలిగా ఉంది. అక్క కటకటాలు వదలడం లేదు. నేనే కిందికి దిగాను. ఈ వయసులో మెట్లు దిగడం నాకూ ఒక షిఫ్టే. బల్ల మీంచి పెద్ద చెంచా తీసుకొని, వడ్డించే కుర్రవాళ్ళు వింతగా చూస్తుండగా, చేయి చాపి పైకప్పును తట్టాను. డొల్లగా పలికింది. నాలుగడుగులు జరిగి తట్టినా అదే. ఈ కాలంలో కట్టినవన్నీ అట్లాగే పలుకుతాయి. పైన ఉన్నది ఏమిటో వాటిని కట్టినవాళ్ళకు తెలియాలి. చెంచా అక్కడ పెట్టి పైకి ఎక్కి వచ్చాను.

"మంచిగనే మోగింది అక్కా. రా" అన్నాను.

అక్క నా ముఖంలోకి చాలాసేపు చూసింది. "మీ బావ గూడ గా నలుగురితోని గట్లనే అన్నడు" అన్నది. అని, నా చేయి పట్టుకొని ఒక్కొక్క మెట్టే దిగింది. యాభై ఏళ్ళలో దీపాలు మారాయి, పైకప్పులు మారాయి. ఎవరో ఒకరు పొమ్మంటే, ఆ మాట మీద నమ్మకం లేకపోయినా, మనుషులు కిందికి దిగుతూనే ఉన్నారు.